వణికిస్తే అన్నం పెట్టరట! మరి ఇంద్రవెల్లి సంగతేంటి?

మావోయిస్టుల లొంగుబాటు వార్త వస్తే చాలు, మా గ్రూపుల్లో అదే మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. నక్సలిజం తుపాకీతోనే పోయింది, చర్చలు దండగ, హక్కుల సంఘాలవాళ్లు నక్సలైట్ల తొత్తులు, అడవి ఊళ్లను ఒక్కసారి వణికిస్తే ఎవడూ దళాలకు అన్నం పెట్టడు. ఇదీ దాని సారం. పంపేది పెద్ద చదువులు చదివినవాళ్లే.

తొత్తుల మాట ముందు తేల్చేద్దాం. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలో నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్‌లలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. తర్వాత ఇరుపక్షాల హింసనూ తప్పుబడుతూ చర్చల కోసం తిరిగిన పౌరుల కమిటీని నడిపిందీ ఆయనే. వాళ్లు ఎత్తుకుపోయిన మనిషి వాళ్ల తొత్తా? అయిపోయింది.

తుపాకీ సంగతా? మా హక్కుల మిత్రులకు నచ్చకపోయినా ఒప్పుకుంటాను, 2005 తర్వాత ఆంధ్రలో మావోయిస్టు పార్టీ నడుం విరిచింది చాలావరకు పోలీసులే. 2004లో సర్కారుతో చర్చల విరామాన్ని అన్నలు కూడా తమ పనికి వాడుకున్నారు. కానీ నక్సలైట్ల వేటకున్న పోలీసు ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ చిన్న జట్లుగా, సమాచారం పట్టుకుని దళాల మీదికి పోయింది (బూటకపు ఎన్‌కౌంటర్ల లెక్క వేరే ఉంది, అది తేలాల్సిందే). ఊళ్లకు ఊళ్లను వణికించడం అది కాదు కదా!

ఊళ్లను వణికించి కూడా చూశారు. 1981 ఏప్రిల్ 20, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి. సభకు ముందు అనుమతిచ్చి తర్వాత రద్దు చేశారు, ఆ సంగతి తెలియని గోండులు సంత రోజున భూముల గోడు చెప్పుకోడానికి వస్తే కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు, 60కి పైనే అని హక్కుల సంఘాలు. నక్సలైట్ల పార్టీ పీపుల్స్ వార్ పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పట్టాలు అడగడానికి పోయినవాడి మీద తూటా పేలిస్తే వాడి తమ్ముడు ఎవరి దగ్గరికి పోతాడు, తహసీల్దారు దగ్గరికా? ఆదిలాబాద్ గూడేల్లో పార్టీ పాతుకుపోయింది ఆ తర్వాతే.

అది పాత కథ అంటారా, సరే, 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో సల్వాజుడుం, అంటే మావోయిస్టుల మీదికి సర్కారు అండతో కట్టిన సాయుధ గుంపు. ఊళ్లు తగలబెట్టి జనాన్ని క్యాంపుల్లోకి తోలారు, వేలమంది గుత్తికోయ ఆదివాసులు గోదావరి దాటి ఖమ్మం అడవుల్లోకి పారిపోయి వచ్చారు, మిగిలిన కుర్రాళ్లలో ఎందరో దళాల్లో చేరారు. అంత వణికించాక, అయిదేళ్లకు, 2010 ఏప్రిల్‌లో తాడిమెట్ల దగ్గర ఒక్క దాడిలో 76 మంది జవాన్లు పోయారు. అన్నం పెట్టేవాళ్లు తగ్గిన లక్షణమా ఇది?

2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వాజుడుంను ఇక ఆపమంది. మెసేజ్ రాసినాయన లెక్కలో ఆ న్యాయమూర్తులు ఏ దళంలో పనిచేశారో మరి.