పట్టా ఇచ్చి బోరు ఆపితే ఎట్లా?

అడవి భూమి సాగుకు ఇచ్చిన పోడు పట్టా చేతిలో ఉన్న రైతు బోరు వేయించుకోబోతే బండిని అడవి దారిలోనే ఆపుతారు. కరెంటు లైను అడిగితే ముందు అటవీ శాఖ అనుమతి తెమ్మంటారు. ఆ ఆఫీసుకు పోతే పైనుంచి ఉత్తర్వులు రావాలంటారు. ఈలోగా మృగశిర కార్తె దాటిపోతుంది. ఆ ఏడు కూడా వానను నమ్ముకుని కందో ఆముదమో చల్లుకోవాల్సిందే. నల్లమలలో అమ్రాబాద్, లింగాల వైపు చెంచు గిరిజనుల పెంటల్లో (గూడేల్లో), దేవరకొండ అవతల చందంపేట తండాల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న గోడు ఇది.

2023 జూన్‌లో తెలంగాణలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. గిరిజనుల భూమి పరాయి చేతుల్లోకి పోకుండా పెట్టిన ఈ కట్టుబాటు సబబైనదే. అయితే అమ్ముకోలేని భూమికి సాగు తప్ప వేరే విలువ లేదు. నీళ్లు, కరెంటు, దారి ఆపేస్తే పట్టా ఉన్నా లేనట్టే.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ అవసరాలను ముందే గుర్తించింది. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు తీగ, చిన్న చెరువు వంటి వాటికి ఒక్కోదానికి హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వొచ్చని, అందుకు గ్రామసభ సిఫారసు ఉండాలని మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. రూ.12,600 కోట్లతో 6 లక్షల ఎకరాల గిరిజన భూములకు సోలార్ పంపుసెట్లు ఇస్తామన్నారు. ఈ పథకాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. ఒక శాఖ పంపు ఇస్తే మరో శాఖ బోరు బండిని తిప్పి పంపే పరిస్థితి ఉండకూడదని మాత్రం గట్టిగా చెబుతున్నాం.

సాగు సంగతి ఇలా ఉంటే, చెంచుల బతుకు చేనుకన్నా అడవితో ఎక్కువ ముడిపడి ఉంది. కొండ అంచు నుంచి తాడు మీద లోయలోకి దిగి తేనెపట్టు కోసే చెంచుకు పైన తాడు పట్టేది బావమరిది. చెల్లెలి పసుపుకుంకుమలు చూసుకునేవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. పట్టు మొత్తం కోసుకురారు, ఈగల కోసం కొంత వదిలేస్తారు. ప్రాణాలొడ్డి తెచ్చిన ఆ తేనె మీద, తపసి చెట్టు బంక మీద, కుంకుడుకాయల మీద సేకరించినవారికే యాజమాన్యం ఉందని అటవీ హక్కుల చట్టం చెబుతోంది. ఆ సరుకు తరలింపు అనుమతి ఇవ్వాల్సింది గ్రామసభ కమిటీయేనని ఆ చట్టం కింద వచ్చిన 2012 నిబంధనలు తేల్చాయి. అలాంటప్పుడు వాళ్ల మూటలు విప్పి ఆరా తీసే అవసరం చెక్‌పోస్టుల దగ్గర ఎవరికీ లేదు. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో బైగా గిరిజనులకు ఆవాస హక్కులు, అంటే తరతరాలుగా బతుకుతున్న అటవీ ప్రాంతంపై ఉమ్మడి హక్కులు గుర్తించారు. నల్లమల చెంచులకూ అదే గౌరవం దక్కాలి.

పులుల సంగతేమిటని అడుగుతారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాపాడుకోవాల్సిందే, చట్టం గడువుగా పెట్టిన 2005 డిసెంబరు 13 తర్వాత కొట్టిన పోడును ఎవరూ సమర్థించకూడదు. కానీ 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల కోసం ముందుగా రోడ్డెక్కింది ఇక్కడి జనమే. ఆ తర్వాతే శాసనసభ తీర్మానం చేసింది. అటువంటి వారిని అడవికి శత్రువులుగా చూడటం అన్యాయం. అభయారణ్యం నడిమధ్య ఉన్న కోర్ ప్రాంతం నుంచి తరలించే కుటుంబానికి రూ.15 లక్షల ప్యాకేజీ ఉంది. వెళ్లదలచినవారు వెళ్లవచ్చు. ఉండదలచిన పెంటను వైద్యం, రేషను అందకుండా చేసి ఖాళీ చేయిస్తే దాన్ని స్వచ్ఛందమనలేం.

మరో చిక్కు హద్దులది. ఒకే భూమి రెవెన్యూ రికార్డు అయిన పహాణీలో రైతు పేరిట, అటవీ నక్షలో రిజర్వు ఫారెస్టుగా ఉంటోంది. రెవెన్యూవారు శిస్తు కట్టించుకున్న భూమిలోనే అటవీ సిబ్బంది కందకం తవ్వుతారు. ఇంతకుముందున్న భూరికార్డుల పోర్టల్ ధరణి ఈ తగవును తీర్చలేదు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం రికార్డులకు నక్షలు జతచేస్తామంటోంది గనుక ఇప్పుడు అవకాశం ఉంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో అడవి అంచు గ్రామాలన్నిటా రెండు శాఖల సర్వేయర్లూ కలిసి, గ్రామసభ ఎదుట హద్దురాళ్లు పాతాలి. వచ్చే వానాకాలం దుక్కులు మొదలయ్యేలోపు ఆ పని పూర్తిచేసి, నక్షలను పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.