ఆ అస్థిపంజరం పేరు గాషాదొకురో కాదు

చిమ్మచీకటిలోంచి వెదురు తెరను చీల్చుకుని వచ్చి, కిందికి వంగి చూస్తున్న రాకాసి అస్థిపంజరం బొమ్మ మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. దాని కింద రాత ఇంచుమించు ఇలా ఉంటుంది: "ఇది వెయ్యేళ్ల నాటి జపాన్ చిత్రం. ఆకలితో చనిపోయినవారి ఎముకలు కలిసి పుట్టిన గాషాదొకురో అనే దెయ్యాన్ని కళ్లారా చూసి చిత్రకారుడు గీశాడు. లోకంలో ఉన్నది ఈ ఒక్క ప్రతే. పాలకులు దీన్ని నిషేధించారు." ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు వయసు సంగతి. గీసినవాడు ఉతగావా కునియోషి. ఇప్పటి టోక్యో అయిన ఎడో నగరంలో 1798లో పుట్టి, 1861లో చనిపోయాడు. బొమ్మ 1840ల నడుమ వచ్చింది. వెయ్యేళ్ల నాటిది కథాకాలం మాత్రమే. చక్రవర్తిపై తిరగబడిన తైరా నో మసకాడో 940లో హతమయ్యాడు. అతని కూతురు తకియాషా పాడుబడ్డ సోమా కోటలో మంత్రశక్తితో అస్థిపంజరాలను లేపి తండ్రి పగ తీర్చుకోబోతుంది. ఆమెను అణచడానికి మిత్సుకుని అనే యోధుడు వస్తాడు.

కళ్లారా చూశాడన్న మాట నాకు మరీ బాధ కలిగిస్తుంది. అది కళాకారుడి ఊహను అతని చేతిలోంచి లాక్కోవడమే. ఈ కథ సాంతో క్యోదెన్ 1806లో వెలువరించిన నవలలోది. అందులో మనిషి ఎత్తు అస్థిపంజరాలు గుంపులుగా వస్తాయి. కునియోషి ఆ గుంపునంతా ఒకే ఒక్క మహాకాయంగా మార్చాడు. పక్కటెముకల వంపు, వేళ్ల కీళ్లు ఎంత శ్రద్ధగా గీశాడో చూడండి. పాశ్చాత్య శరీరశాస్త్ర పుస్తకాల బొమ్మలు చూసి ఉంటాడని పరిశోధకులు భావిస్తారు. చదివి, పరికించి, తలకిందులు చేసి ఆలోచించిన మనిషి పని ఇది.

గాషాదొకురో అనే దెయ్యం కునియోషి కాలంలో లేనేలేదు. 20వ శతాబ్దం రెండో సగంలో పిల్లల కోసం అచ్చయిన దెయ్యాల పుస్తకాలలో అది పుట్టింది. ఆ తరువాతివారే దానికి ఈ బొమ్మ రూపాన్ని అరువు తెచ్చుకున్నారు.

ఒక్కటే ప్రతి అనడం అచ్చుపనిని మరచిపోవడం. చిత్రకారుడు పలుచని కాగితంపై సిరాతో గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్కపై బోర్లా అతికించి, గీతల చుట్టూ ఉన్న చెక్కను తొలిచేస్తాడు. అసలు చిత్రం అక్కడితో నశిస్తుంది. తరువాత రంగు రంగుకూ మరో దిమ్మె. అచ్చువేసేవాడు తడి కాగితాన్ని దిమ్మెపై పరిచి, బారెన్ అనే గుండ్రని బిళ్లతో వీపున రుద్దుతాడు. ఇలా ఎన్నో ప్రతులు తీసి అంగళ్లలో సామాన్యులకు అమ్మేవారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఈ బొమ్మ ప్రతులున్నాయి.

నిషేధం అబద్ధం, కానీ దాని పక్కనే ఒక నిజముంది. 1842 సంస్కరణలలో ప్రభుత్వం కబుకీ అనే జపాన్ నాటకాల నటుల బొమ్మలను, వేశ్యల బొమ్మలను నిషేధించింది. దెయ్యాలను కాదు. దాంతో చిత్రకారులు పురాణగాథల వైపు, వీరగాథల వైపు మరింత మళ్లారు. 1843లో కునియోషి వేసిన సాలీడు భూతం బొమ్మను జనం పాలకులపై వ్యంగ్యంగా చదువుకోవడంతో, ప్రచురణకర్త భయపడి దాన్ని వెనక్కు తీసుకున్నాడు.

ఇంకొక్క మాట. ఇది మూడు కాగితాల బొమ్మ. మీకు వచ్చిన దానిలో ఎడమ కాగితం ఉందో లేదో చూడండి. చాలాసార్లు దాన్ని కత్తిరించేస్తారు. విప్పిన మంత్రపు చుట్టను చేతుల్లో పట్టుకుని, ఆ ఎముకలను కదిలిస్తున్న తకియాషా నిలబడింది ఆ కాగితంలోనే.