ప్రకాశం పంతులు రాజకీయం 1921లో మొదలవలేదు
టంగుటూరి ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో వకీలు పని వదిలేశాకే రాజకీయాల్లోకి వచ్చారని ఆయన మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు, అది సరికాదు. బారిస్టరు చదువుకి ఇంగ్లండు వెళ్లకముందే ఆయన రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్‌గా గెలిచారు. అప్పటికి ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు, అంటే కింది కోర్టుల్లో వాదించే వకీలు. అసలు కథ ఇంకా వెనక, మా ఒంగోలులోనే ఉంది. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన పిల్లాడికి పదకొండేళ్లకే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఆ రోజుల్లో ఆ పని చేసేవాళ్లని చిన్నచూపు చూసేవారు. మా నాన్న పోయాక మా అమ్మ కూడా ఇక్కడే ఇంటి ముందు ఇడ్లీలు అమ్మి ఇద్దరు పిల్లల్ని డిగ్రీ దాకా చదివించింది. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగించే తల్లి కష్టం ఏమిటో నాకు తెలుసు. అందుకే సుబ్బమ్మ గారి పేరు, ప్రకాశాన్ని తనతో రాజమండ్రి తీసుకెళ్లి చదివించిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి పేరు వ్యాసంలో ఒక్కసారి కూడా లేకపోవడం బాధేసింది. సైమన్ కమిషన్ నిరసనలో ఆయన తుపాకీకి ఎదురు నిలిచిన ఘటనకి మూడు పేరాలు ఇచ్చారు, వీళ్లిద్దరికీ ఒక్క పేరా అయినా ఇవ్వాల్సింది.