మన ఫైళ్లు పదిహేనేళ్ల తర్వాత తెరుచుకుంటాయా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. ఈ సంగతి పత్రికల్లో బాగానే వచ్చింది. అదే రోజున ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా సపోర్ట్ ఆగిపోయిందన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చెన్నైలో నాకు తెలిసిన చిన్న వ్యాపారాలు, ట్యూషన్ సెంటర్లు, తెలుగు సంఘాల ఆఫీసులు చాలావరకు ఈ రెండింటినో, అంతకంటే పాతవాటినో వాడుతున్నాయి. సపోర్ట్ ఆగినంత మాత్రాన వర్డ్ పనిచేయడం మానదు. కానీ కొత్తగా భద్రతా లోపం బయటపడితే దాన్ని సరిచేసే అప్‌డేట్ రాదు. మెయిల్లో వచ్చిన ప్రతి ఇన్‌వాయిసునూ క్లిక్ చేసి తెరిచే ఆఫీసుకి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడేం చేయాలని అడిగితే సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. ఏడాదికింతని కట్టి మైక్రోసాఫ్ట్ 365 తీసుకోమంటారు. లేదా జోహో మన చెన్నై కంపెనీయే కదా, దానికి మారమంటారు. ఎవరూ పైకి చెప్పని మూడో దారి క్రాక్ చేసిన కాపీ వేయించుకోవడం. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో పాత కంప్యూటర్ కొన్నవాళ్లలో ఎంతమంది ఆఫీస్ లైసెన్స్ గురించి అడిగి ఉంటారో ఊహించుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్ చేసే పనులే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ పేరెత్తితే మాత్రం అది డబ్బు పెట్టలేనివాళ్ల కోసం అన్నట్టు చూస్తారు.

ఆ చూపు తప్పని నా అభిప్రాయం. ధర దగ్గరే చర్చ ఆగిపోవడం వల్ల అసలు ప్రశ్న వెనక్కి పోతోంది. ఇవాళ మనం రాసి దాచుకున్న ఫైలు పదిహేనేళ్ల తర్వాత, ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఉన్నా లేకపోయినా, తెరుచుకుంటుందా? ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ముందుగా అడగాల్సింది ఇది. తెలుగువాళ్లం ఈ విషయంలో ఇప్పటికే ఒకసారి గట్టి దెబ్బ తిన్నాం కాబట్టి మనం మరీ అడగాలి.

ఆ దెబ్బ అను ఫాంట్లది. 1990లలో, 2000లలో తెలుగు డీటీపీ అంటే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లు. శుభలేఖల దగ్గర్నుంచి సంఘాల ఉగాది సంచికల దాకా అన్నీ అందులోనే తయారయ్యేవి. ఆ ఫాంట్లు అందంగా ఉండేవి, టైపిస్టులకు చేతులు అలవాటు పడ్డాయి, వాటిని తయారుచేసినవాళ్లు ఆ కాలానికి అవసరమైన పనే చేశారు. చిక్కంతా లోపల ఉంది. కంప్యూటర్ దృష్టిలో అవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చారు. ఆ ఫాంట్ ఉన్నంతసేపూ తెలుగులా కనిపిస్తుంది. ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి గుర్తులు తప్ప ఏమీ ఉండవు. వెతుకుదామంటే దొరకదు, అకారాది క్రమంలో పేర్చుదామంటే కుదరదు. ఒక సంఘం రెండు దశాబ్దాల సభ్యుల వివరాలన్నీ ఇలాగే ఉండిపోయాయి. టైప్ చేసిన షాపు మూతపడింది, సీడీలు మిగిలాయి. వార్షికోత్సవ సంచిక కోసం పాత పేర్లు కావాల్సి వస్తే, అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి టైప్ చేయించారు.

తెలుగు అచ్చుకి మద్రాసు ఎంతటి ఊరో గుర్తు చేసుకుంటే ఇది ఇంకా బాధనిపిస్తుంది. వావిళ్ల వారి పుస్తకాలు ఇక్కడే అచ్చయ్యాయి. ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక అయింది. ఆ కాగితాలు ఇవాళ్టికీ చదువుకోగలుగుతున్నాం. అదే ఊళ్లో 2003లో వేసిన సంచిక ఫైలు మాత్రం చదవలేకపోతున్నాం.

ఇక్కడే ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్, పని ఏమిటో కనిపిస్తుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాని యజమాని అడోబి దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. వదిలేసిన ఆ ఫైళ్లను ఇవాళ తెరిచే కొద్ది దారుల్లో లిబ్రే ఆఫీస్ ఒకటి. డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ అని 2014లో మొదలైన ఒక బృందం, మూసి ఉన్న పాత ఫార్మాట్లను ఒక్కొక్కటే పరిశీలించి, వాటిని చదివే కోడ్ రాసి అందరికీ ఇచ్చింది. ఆ పని వల్ల లిబ్రే ఆఫీస్ డ్రాలో పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, మైక్రోసాఫ్ట్ పబ్లిషర్ ఫైళ్లు తెరుచుకుంటాయి. పేజీ అమరిక కొంత చెదరవచ్చు, అను అక్షరాలను మళ్లీ యూనికోడ్‌కి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే ప్రమాణానికి, మార్చుకోవాలి. అయినా లోపలున్న రాత బయటికి వస్తుంది. ఇందులో ఏ కంపెనీకీ లాభం లేదు. చేయాలనుకున్నవాళ్లు చేశారు.

లిబ్రే ఆఫీస్ పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. స్టార్‌ఆఫీస్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొని, మరుసటి ఏడాది దాని సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అదే ఓపెన్‌ఆఫీస్. 2010లో సన్ కంపెనీనే ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమాని ఏం చేస్తాడోనన్న అనుమానంతో డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆ కోడ్ తీసుకుని బయటికొచ్చి, ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు. యజమాని మారాడు, పేరు మారింది, వాడేవాళ్ల ఫైళ్లకు మాత్రం ఏమీ కాలేదు. కోడ్, ఫార్మాట్ రెండూ అందరివీ కాబట్టి ఇది సాధ్యమైంది.

జోహో గురించి మాట్లాడేటప్పుడు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలై ప్రపంచమంతా వాడే స్థాయికి ఎదిగిన చెన్నై కంపెనీ అది. జోహో రైటర్ 2005లోనే వచ్చింది, గూగుల్ డాక్స్ కంటే ముందే. 2025లో కేంద్ర విద్యాశాఖ తన అధికారులను జోహో ఆఫీస్ సూట్ వాడమని చెప్పాక, స్వదేశీ సాఫ్ట్‌వేర్ అనే మాట బాగా ఊపందుకుంది. చెన్నై ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్‌లో పనిచేసే తెలుగు కుర్రాళ్లు గర్వంగా చెప్పుకుంటున్నారు, ఆ గర్వం న్యాయమైనదే. కానీ స్వదేశీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. జోహో కోడ్ జోహోది. మన ఫైళ్లు వాళ్ల సర్వర్లలో ఉంటాయి. యాజమాన్యం ఇవాళ ఎంత మంచిదైనా, ఇరవై ఏళ్ల తర్వాత కంపెనీ ఎవరి చేతిలో ఉంటుందో, ఏ సేవను ఆపేస్తారో ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పుడు ఓపెన్‌ఆఫీస్ డెవలపర్లు చేసినట్టు కోడ్ తీసుకుని బయటికి రావడానికి వీలుండదు. జోహో వాడొద్దని నేననను. రైటర్‌లో ఓడీటీ ఫార్మాట్‌లో డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఉంది. అందులో రాసినవాటిని అప్పుడప్పుడూ ఆ రూపంలో దించి మన దగ్గర పెట్టుకుంటే చాలు.

ఈ ఓడీటీ ఓడీఎఫ్ కుటుంబంలోది. ఓడీఎఫ్ అంటే లిబ్రే ఆఫీస్ మామూలుగా ఫైళ్లు దాచే బహిరంగ ఫార్మాట్ల కుటుంబం. 2006లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైంది. న్యాయంగా చెప్పాలంటే వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫార్మాట్ కూడా 2008లో ఐఎస్ఓ ప్రమాణమైంది. అయితే ఆ ప్రమాణం 6 వేలకు పైగా పేజీల పత్రం, అందులో పాత వర్డ్ అలవాట్లన్నీ మోసుకొచ్చారు. బయటివాళ్లు దాన్ని పూర్తిగా అమలు చేయడం ఎంత కష్టమో, లిబ్రే ఆఫీస్‌లో డాక్స్ ఫైలు తెరిచి టేబుల్ చెదిరిపోయిన ప్రతివాళ్లకీ తెలుసు. మన దేశం అప్పుడు దానికి వ్యతిరేకంగా ఓటేసింది. 2010లో ఈ-గవర్నెన్స్‌కి ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించింది, 2015లో ఓపెన్ సోర్స్ విధానం కూడా తెచ్చింది.

మరి ఆచరణ? జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్ వాడాలంటే విండోస్, ఎక్సెల్ ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీలు మాక్రోలతో (షీటులోనే ఉండే చిన్న ప్రోగ్రాములతో) నడుస్తాయి, అవి లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో సరిగా పనిచేయవు. పోర్టల్లో నేరుగా నింపే దారి ఉంది, కాదనను. కానీ వందల ఇన్‌వాయిసులున్న చిన్న వ్యాపారి ఆడిటర్ గారు పంపిన షీటు మీదే ఆధారపడతాడు. ప్రభుత్వానికి పన్ను కట్టడానికి పౌరుడు ఒక ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాల్సి రావడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. రాసుకున్న విధానాన్ని పాటించమని అడిగే హక్కు మనకుంది. వాణిజ్య సంఘాలు జీఎస్టీ రేట్ల గురించి ఎన్నో వినతిపత్రాలు ఇస్తాయి, ఒకటి దీని గురించి కూడా ఇవ్వాలి.

లిబ్రే ఆఫీస్‌లో లోపాలు లేవని చెప్పడం అబద్ధం అవుతుంది. ఎక్సెల్ మాక్రోలతో వ్యాపారం మొత్తం నడిపేవాళ్లు మారితే ఇబ్బంది పడతారు. నలుగురు ఒకేసారి ఒకే పత్రంలో రాయాలంటే కంప్యూటర్లో వేసుకునే లిబ్రే ఆఫీస్ సరిపోదు, కొలాబొరా ఆన్‌లైన్ లాంటిది సర్వర్ మీద పెట్టుకోవాలి. దానికి తెలిసిన మనిషి కావాలి. తెలుగు స్పెల్‌చెక్ బలహీనం. మన విభక్తులు, సంధులు తట్టుకునే పరికరం ఇంకా రాలేదు. కానీ తెలుగు చూపించడంలో మాత్రం అది బాగా ముందుకొచ్చింది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అక్షరాలను పేర్చే పనిని అన్ని సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజినే చేస్తోంది. విండోస్‌లో ఒత్తు ఒకలా, దానికి బదులు వాడే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో మరోలా కనబడే బాధ చాలావరకు పోయింది. సిలికానాంధ్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి అందం కోసం అను దగ్గరే ఆగిపోవాల్సిన పని లేదు.

తమిళనాడు ప్రభుత్వం ఈ దారిలో తొలి అడుగులు వేసిన రాష్ట్రాల్లో ఒకటి. 2006, 2007 ప్రాంతాల్లో ఐఏఎస్ అధికారి ఉమాశంకర్ ఎండీగా ఉన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎల్‌కాట్ లినక్స్‌కీ ఓపెన్‌ఆఫీస్‌కీ మారింది. మన దేశపు లినక్స్ అయిన బాస్ లినక్స్ తయారైంది కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై కేంద్రంలోనే. ఆ ఊపు తర్వాత అదే స్థాయిలో నిలవలేదు. కేరళ బడుల్లో మాత్రం నిలిచింది, ఎందుకంటే అక్కడ టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠాలనే ఆ సాఫ్ట్‌వేర్ మీద రాశారు. జర్మనీలో మ్యూనిక్ నగరం సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కి మార్చి కూడా 2017లో వెనక్కి పోవాలని నిర్ణయించింది. అదే దేశంలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30 వేల కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ పెడతామని ప్రకటించింది. ఒక అధికారి పట్టుదల మీద నడిచినది ఆ అధికారితోనే ఆగిపోతుందని, వాడే మనుషులకు నేర్పితేనే నిలుస్తుందని నాకు అనిపిస్తోంది.

ఇంట్లోగానీ చిన్న ఆఫీసులోగానీ మారడానికి విండోస్ తీసేయాల్సిన అవసరమే లేదు. ఇది చాలామందికి తెలియక టెన్షన్ పడుతున్నారు. టాలీ విండోస్ మీదే నడుస్తుంది, దాన్ని కదపక్కర్లేదు. లిబ్రే ఆఫీస్‌ను పక్కనే వేసుకోవచ్చు. ఆడిటర్ గారి షీట్ల కోసం ఒక కంప్యూటర్లో ఎక్సెల్ ఉంచుకుని, ఉత్తరాలు, కొటేషన్లు, జీతాల పట్టికలు, సంఘం మినిట్స్ అన్నీ ఓడీఎఫ్‌లో రాయడం మొదలుపెట్టవచ్చు. బయటివాళ్లకు పీడీఎఫ్ పంపితే అమరిక గొడవ ఉండదు. లిబ్రే ఆఫీస్‌లో హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒకటుంది. ఆ పీడీఎఫ్ లోపలే మార్చుకోదగ్గ ఓడీఎఫ్ ఫైలు కూడా ఉంటుంది కాబట్టి, ఒక్క ఫైలు దాచుకుంటే చూడటానికీ దిద్దడానికీ పనికొస్తుంది.

లైసెన్స్ డబ్బు మిగిలింది కదా అని ఊరుకోకుండా, అందులో కొంత ఆ సాఫ్ట్‌వేర్‌కే ఇవ్వాలన్నది నా కోరిక. బెంగళూరు కంపెనీ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం ఏడాదికి 10 లక్షల డాలర్ల నిధి పెట్టింది. మన సంఘాలు అంత ఇవ్వలేవు. తెలుగు స్పెల్‌చెక్ మీద పనిచేసే ఒక కాలేజీ కుర్రాడికి కొన్ని నెలలు స్టైపెండ్ ఇవ్వగలవు. చెన్నైలో లినక్స్ యూజర్ గ్రూప్ ఉంది, అడిగితే దారి చూపేవాళ్లకు కొదవ లేదు.

ఈలోపు సంచికలు, శుభలేఖలు చేయించేవాళ్లందరూ డీటీపీ షాపులో అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఒక మాట చెప్పాలి: అచ్చు ప్రతులతో పాటు తెలుగు యూనికోడ్‌లో టైప్ చేసిన ఓడీటీ ఫైలు కూడా ఇవ్వాలని. షాపువాళ్లు మొదట కాస్త ఎక్కువ అడగవచ్చు, ఆ ఎక్కువ ఇవ్వండి.