మేడమ్ గారి రిజిస్ట్రేషన్ నంబరు

అసెంబ్లీకి గానీ పార్లమెంటుకు గానీ పోటీ చేసే ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. అందులో తన చదువు రాయాలి, జీవిత భాగస్వామి ఆస్తులూ అప్పులూ రాయాలి, భాగస్వామి చేసే వృత్తి ఏమిటో కూడా రాయాలి. భాగస్వామి చదువు రాసే గడి మాత్రం లేదు. మామూలుగా దాని అవసరమూ లేదు. ఓటు అడుగుతున్నది అభ్యర్థి గనుక, ఇంటావిడ ఎంతవరకు చదివిందన్నది వాళ్లింటి ముచ్చట. కానీ ఆ వృత్తి గడిలో 'కౌన్సెలింగ్' అనో 'థెరపీ' అనో ఉంటే లెక్క మారుతుంది. నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో నాయకుడి భార్య పేరుకు ముందు 'డా' అని రాసిన బోర్డు వెలిసిందనుకుందాం. ఏ ఒక్క ఇంటినీ మనసులో పెట్టుకుని రాస్తున్నది కాదు. ఆ బోర్డు కిందికి వెళ్లే మనిషి ఆమెను ఏమడగవచ్చు, అసలు అడగగలడా అన్నదే ఇక్కడి విషయం.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం కేంద్ర రిజిస్టర్‌లో పేరుండాలి. దూరవిద్యలో చేసిన ఎం.ఏ. సైకాలజీతో ఆ పేరు ఎక్కదు. మండలి గుర్తించిన క్లినికల్ శిక్షణ కావాలి. పేరు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అవును, వెయ్యి రూపాయలే. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసేవారికి 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 5 లక్షల దాకా జరిమానా పెట్టింది. మనసుకు చేసే చికిత్స దగ్గరికి వచ్చేసరికి చట్టం ఇంకా ముప్పై ఏళ్ల కిందటి ధరల్లోనే ఉంది. ఇక 'క్లినికల్' అన్న మాట తీసేసి ఉత్త 'సైకాలజిస్టు' అనో 'కౌన్సెలర్' అనో బోర్డు పెట్టుకుంటే చాలాకాలం అడిగే నాథుడే లేడు. వారిని కూడా ఒక రిజిస్టర్ కిందికి తేవాలన్న చట్టం 2021లో గానీ రాలేదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న చిన్నది: రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? మన దగ్గర టీ కొట్ల ముందు నడిచే చర్చ ఇది కాదు. అక్కడ ఆమె అత్తగారి ఊరు, పెళ్లినాటికి ఆమె ఇంటర్ పాసయ్యిందా లేదా, డాక్టరేట్ ఎవరు 'ఇప్పించారు' అన్నవే ముచ్చట్లు. ఇందులో ప్రత్యర్థుల రాజకీయం కొంత, చదువుకున్న ఆడమనిషి మీద అక్కసు చాలా. అమెరికాలోనూ ఇదే జరిగింది. జో బైడెన్ భార్య జిల్ బైడెన్ 2007లో డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి విద్యాశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. ఆమె పేరు ముందు 'డాక్టర్' తీసేసుకుంటే మంచిదని 2020 డిసెంబరులో ఒక పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది. ఆమె రోగులను చూసే మనిషి కాదు, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ బిరుదు వల్ల ఎవరి ఆరోగ్యానికీ ముప్పు లేదు. అది ప్రశ్న కాదు, ఎత్తిపొడుపు.

అదే దేశంలో 2011లో మిషెల్ బాక్‌మన్ అధ్యక్ష పదవికి రిపబ్లికన్ టికెట్ కోసం దిగినప్పుడు ఆమె భర్త మార్కస్ మీద వచ్చిన ప్రశ్న వేరు. ఆయన మిన్నెసోటాలో కౌన్సెలింగ్ క్లినిక్ నడిపేవారు, డాక్టరేట్ ఉందని చెప్పుకునేవారు. కానీ ఆ రాష్ట్రంలో ఆ వృత్తులకు లైసెన్సులిచ్చే బోర్డుల దగ్గర ఆయన పేరు లేదని పత్రికలు రాశాయి. పేరు లేకపోవడం అక్కడ నేరం కాకపోవచ్చు. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ఆ క్లినిక్‌కు జనం తమ బాధలు చెప్పుకోవడానికి వెళ్లేవారు. భర్తను అడిగారా భార్యను అడిగారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సర్పంచి కుర్చీలో భర్తలు కూర్చునే మన ఊళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

పాలమూరు, నల్లగొండల్లో ఈ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది. కూతురు పరీక్ష తప్పి అన్నం ముట్టడం లేదని దేవరకొండ వైపు తండా నుంచి ఒక తల్లి ఆ కేంద్రానికి వచ్చిందనుకుందాం. పెద్దకూతురు పెళ్లికి కల్యాణలక్ష్మి కింద రావలసిన 1,00,116 రూపాయల చెక్కు ఆమె చేతికి ఇచ్చేది ఆ ఇంటి నాయకుడే. మొగుడి ఆపరేషన్‌కు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం సిఫారసు లేఖ ఇవ్వాల్సిందీ అక్కడే. "మేడమ్‌ను సర్టిఫికెట్ అడుగుడేంది సారూ, రేపు మళ్ల గా గడపనే తొక్కాలె గదా" అంటుంది ఆమె. అంతకన్నా బరువైన సంగతి ఇంకొకటి: ఆ గదిలో బిడ్డ ప్రేమ వ్యవహారమో, భర్త అప్పుల సంగతో చెప్పుకుంటే అది ఎమ్మెల్యే గారి ఇంట్లో చెప్పుకున్నట్టే. రిజిస్ట్రేషన్ విలువ ఇక్కడే తెలుస్తుంది. డిగ్రీ ఆమె ఏం చదివిందో చెబుతుంది. రిజిస్ట్రేషన్ అయితే, రహస్యం బయటికి పొక్కినా వైద్యం చెడినా, ఆ నాయకుడి గడప తొక్కకుండా ఫిర్యాదు చేసుకునే ఒక చోటు ఉందని చెబుతుంది. రిజిస్టర్‌లో లేని పేరును ఎవరూ కొట్టేయలేరు.

'నాలుగు మంచి మాటలు చెబితే నష్టమేమిటి' అనేవారికి మన కల్లు కాంపౌండ్లను గుర్తు చేయాలి. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ అనే మత్తు మందులు కలపడం ఇక్కడ పాత జబ్బు. 2015లో ఎక్సైజ్ దాడులతో ఆ సరుకు ఒక్కసారిగా ఆగినప్పుడు తెలంగాణలో ఎంతోమంది చేతులు వణికి, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. అలాంటి మనిషిని భార్య ఆటోలో తీసుకొచ్చి 'మతి తప్పింది, జర మాట్లాడుండ్రి మేడమ్' అంటే, శిక్షణ ఉన్నవారు రెండు ప్రశ్నలడిగి సర్కారు దవాఖానాకు పంపుతారు. లేనివారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చమంటారు. మత్తు మందు హఠాత్తుగా మానినవాడికి ఆ రెండు గంటల ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు.

సాయం అక్కర్లేదని కాదు. మానసిక సమస్యలున్నవారిలో, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి సర్కారు పెట్టిన 14416 టెలిమానస్ నంబరు ఉందని కూడా మన పల్లెల్లో చాలామందికి తెలియదు. అర్హత ఉన్న నాయకుడి భార్య ఒకరు కేంద్రం పెడితే జిల్లాకు మేలే. అయితే అడగలేని పేషెంట్ల దగ్గర, అడగకముందే చూపించాల్సిన బాధ్యత ఆమెదే. ఏ చిన్న మండల కేంద్రంలోనైనా మెడికల్ షాపులోకి వెళ్లి చూడండి: దగ్గు మందు అమ్మేవాడు కూడా తన లైసెన్సును ఫ్రేము కట్టి, జనానికి కనబడేలా గోడకు తగిలిస్తాడు. మేడమ్ గారి గది గోడకు మాత్రం నాయకుడు ముఖ్యమంత్రికి శాలువా కప్పుతున్న ఫొటో ఉంటుంది.