సెల్లార్‌లో నా పక్క స్లాట్ తెల్ల ఫోర్ బై ఫోర్ గారికి

నమస్కారమండీ. మర్యాద తగ్గితే ఎక్కడ హారన్ కొడతారోనని ముందే 'గారు' తగిలించాను. నేను మీ పక్కన ఉండే 2006 మోడల్ టాటా ఇండిగో మెరీనా ఓనర్ని. అదేనండీ, మీ డ్రైవర్ "ఇది అంబులెన్సా సార్" అని అడిగాడే, అది. కప్పు డిక్కీ చివరిదాకా సాగిన ఇలాంటి కారుని స్టేషన్ వ్యాగన్ అంటారయ్యా అంటే "ఏ స్టేషన్?" అన్నాడు.

అతని తప్పేం లేదు. 1992లోనే టాటా వాళ్ళు ఎస్టేట్ అని పెద్ద వ్యాగన్ తెచ్చారు, తర్వాత మారుతి బలేనో ఆల్టురా వచ్చింది, ఆ తర్వాత మా మెరీనా, ఒక్కటీ నిలబడలేదు. మనవాళ్ళకి కారంటే వెనక డిక్కీ విడిగా కనపడాలి, లేదా బండి మేడంత ఎత్తుండాలి.

ఎత్తంటే మీదే లెండి. మొన్న మా అత్తయ్య మీలో గుడికి వెళ్ళింది. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో పైనున్న పిడి పట్టుకుని, వెనక నుంచి ఇద్దరు సాయం పడితే గానీ ఎక్కలేదు. దిగాక "తాటిచెట్టు దిగినట్టుందే" అంది.

మీ గేరు పక్కన ఫోర్ హై, ఫోర్ లో అని, ఇంజను బలం నాలుగు చక్రాలకీ పంపే గుండ్రటి స్విచ్ ఉంది చూశారా, దాని మీద షోరూం ప్లాస్టిక్ ఇంకా ఊడలేదు. పోనీ వాడదామన్నా బందరు రోడ్డు మీద వాడేది కాదు. అది వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరగాలి, మలుపులోనేమో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, దాంతో పొడి తారు మీద స్టీరింగ్ బిగుసుకుని టైర్లు ఈడుస్తాయి. బురదో ఇసుకో కొండో కావాలి. మీరు ఎక్కే కొండ మన సెల్లార్ ర్యాంపు ఒక్కటే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఇదిగో ఈయన రోజు వచ్చింది అనుకున్నాను. నీళ్ళు మన వీధి దాకా వస్తున్నాయనగానే మీ ఓనరు గారు మిమ్మల్ని తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టారు. నేనూ అక్కడే పెట్టాను. కింద పడవలూ ట్రాక్టర్లూ తిరుగుతుంటే పైన మనిద్దరం పక్కపక్కనే నిలబడి చూశాం.

నిజం ఒప్పుకోవాలి, నలుగురు కూర్చుంటే మా బండి ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ పొట్ట గీరుకుంటుంది. మీకు అది ఉన్నట్టే తెలీదు.

కానీ మే నెలలో మీ ఓనరు గారు నా తలుపు తట్టారు. నూజివీడు నుంచి ఇరవై పెట్టెల మామిడికాయలు తేవాలట. మీలో మూడో వరస సీట్లు మడిస్తే రెండు పక్కలా వేలాడుతూ సగం చోటు అవే తినేస్తాయట, పైగా లెదర్‌కి సొన అంటితే పోదట. సరే పదండన్నాను. వెనక సీటు మడిచి, పాత దుప్పటి పరిచి, మోకాలి ఎత్తునే పెట్టెలు ఒక్కొక్కటీ లోపలికి తోసేశాం. సీలింగ్‌కి వరిగడ్డి పరకలు ఇప్పటికీ ఉన్నాయి, ఏసీ వేస్తే సొన వాసన.

అరడజను రసాలు ఇచ్చారు. డీజిల్ డబ్బుల ఊసు లేదు. మీ ట్యాంకు నింపాక ఆయన దగ్గర మాత్రం ఏం మిగులుతాయి పాపం.

ఇంకోటి, మీ వెనక బంపరు నా గీత దాటి జానెడు లోపలికొచ్చింది. డ్రైవర్‌తో చెప్పి కాస్త జరిపించండి, డిక్కీ తలుపు ఎత్తడం కుదరట్లేదు.

ఇట్లు,
పక్క స్లాట్