హక్కు భద్రం, నల్ల కవర్లో

గర్భనిరోధక హక్కుకు మన దగ్గరున్నంత కాపలా ఇంకెక్కడా లేదు. అమెరికాలో పెళ్లయిన జంటకు ఈ హక్కు ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1965లో గానీ చెప్పలేదు. మన ప్రభుత్వం 1952లోనే కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమం చేసేసింది. కాబట్టి చట్టం గురించి బెంగ వద్దు. అది అత్తగారి బీరువాలో కోడలి నగలంత భద్రంగా ఉంది. నగలు కోడలివే. తాళంచెవి మాత్రం బెజవాడ సూర్యారావుపేట నుంచి అరండల్‌పేట దాకా మందుల షాపు కౌంటర్ల దగ్గరుంది.

కలిసిన తర్వాత 72 గంటల్లోపు వేసుకునే గర్భనిరోధక మాత్ర సంగతే చూడండి. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒకటే బిళ్ల. డాక్టరు చీటీ లేకుండా అమ్మొచ్చని 2005 నుంచీ ఉంది. ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది, ఎందుకంటే దాని పనల్లా అండం విడుదలను వెనక్కి నెట్టడమే. అండం బయటికొచ్చేశాక ఇంక నెట్టడానికేమీ ఉండదు. ఇంత తొందరున్న మందును కౌంటరు ఎంత తాపీగా ఇస్తుందో గమనించాలి. "ఎవరికమ్మా?" దగ్గర పక్కనున్న నలుగురూ తలతిప్పి చూస్తారు. "మీ ఆయన్ని పంపించండి" అంటే ఆ పూట పోయినట్టే. "స్టాకు రేపొస్తుంది" అంటే 24 గంటలు. ఆ రేపు ఆదివారమైతే మరో 24 గంటలు.

ఇంకొందరు మరీ నిష్ఠాపరులు. "అది అబార్షన్ మాత్రండీ, మేం పెట్టం" అంటారు. కాదు బాబూ. కడుపు నిలిచాక అది పనిచేయదు, నిలిచిన కడుపుకు హానీ చేయదు. అబార్షన్‌కు వాడేవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్, వాటికి డాక్టరు చీటీ తప్పనిసరి. రెండు పెట్టెల మీదా పేర్లు అచ్చేసే ఉంటాయి. చదవకుండా అలమరలో సర్దడాన్నే సంప్రదాయ పరిరక్షణ అంటున్నాం. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే మరొకటి వేసుకోవాలి. అంటే మళ్లీ అదే కౌంటరు, అవే నాలుగు తలలు.

సరే, ఇచ్చారే అనుకుందాం. పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, బాంబు అందించినట్టు అందిస్తారు. 120 మైక్రాన్ల కన్నా పలుచని కవర్ల మీద 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. నిషేధమున్న కవరు ప్రతి షాపులో కట్టలుగా వేలాడుతోంది. నిషేధం లేని మాత్రే స్టాకుండదు.

ఆసుపత్రి మెట్లెక్కితే కాపలా ఇంకా గట్టిది. "మీ ఆయన సంతకం తెచ్చుకోమ్మా" అంటారు. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో ఆ చట్టంలో అంతవరకూ ఉన్న 'భర్త'ను 2021 సవరణ తీసేసి 'భాగస్వామి' అని రాసింది. 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి పెళ్లికాని స్త్రీలను పక్కన పెట్టడం కుదరదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌కు కూడా కేంద్రం నిబంధనల్లో భర్త సమ్మతి అక్కర్లేదు. ఇలా పార్లమెంటు సాగనంపిన భర్తగారిని రిసెప్షన్ బల్ల దగ్గర పునఃప్రతిష్ఠ చేస్తున్నారు.

ఇక సర్కారు వారు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినట్టూ దించినట్టూ కడుపులను కూడా పైనుంచి ఆపరేట్ చేయొచ్చని వారి నమ్మకం. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్నారు. గేట్లు దిగాయి. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇద్దరికి మించి ఉన్నవాళ్లే పోటీకి అర్హులనే చట్టం తెస్తే ఎలా ఉంటుందన్నారు. నవంబరులో అసెంబ్లీ పాత నిబంధన ఎత్తేసింది. గేట్లు లేచాయి. ఎత్తినప్పుడూ దించినప్పుడూ అడగనిది ఒక్కరినే, కనేమనిషిని.

ఈ గేటు పని నడుమ ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి సుమారు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. మధ్యలో వేరే దారులున్నాయన్న రహస్యం బాగానే దాగింది. ఛాయ మాత్ర సర్కారులో ఉచితం, హార్మోన్లు లేనిది. బహిష్టు మొదటి రోజున మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. "వారం మాత్ర" అనే పేరు విని మొదటి వారం నుంచే ఒక్కటి వేసుకుంటే మందు ఒంట్లో చాలినంత చేరదు, కడుపు నిలుస్తుంది, నింద మాత్ర మీద పడుతుంది. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. వేసినచోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, మందు త్వరగా కరిగిపోతుంది. రుద్దకుండా సూది పొడిపించుకోవడం మన ఇళ్లలో అపచారం అనుకోండి, అది వేరే సంగతి. నిరోధ్‌నేమో బెజవాడ మే ఎండలో స్కూటర్ డిక్కీలో దాస్తారు, పైగా కొబ్బరినూనె రాస్తారు. ఎండకూ నూనెకూ రబ్బరు చివికి చిరుగుతుంది.

మగవాళ్ల ఆపరేషన్ లెక్క నూటికి ఒకటి కూడా లేదు. కోతలేని వేసెక్టమీ పావుగంట పని. కుట్లుండవు. బరువులెత్తలేరన్నది అరుగు మీద పుట్టిన వైద్యం. నాళాలు మూస్తే ఆగేది వీర్యకణాలే, మగతనం ఇచ్చే హార్మోను రక్తంలోకి పోతుంది గనక దానికేం ఢోకా లేదు. మూడు నెలలు ఆగి, పరీక్షలో కణాలు లేవని తేలాలి. అప్పటిదాకా ఆయన నిరోధ్ కొనక తప్పదు. వెళ్లి అడిగితే, పెళ్లయిందా అనరు, మీ ఆవిణ్ని పంపించండి అనరు, కౌంటరు అడిగేది ఒక్కటే.

"ఏ ఫ్లేవరండీ?"